చేపల తొట్టి కడిగిన సోమవారం

ఆ సోమవారం పొద్దున్న వఫీక్ పెట్టుకున్న పని ఒక్కటే, చేపల తొట్టి కడగడం. అమ్మాన్‌లో అష్రఫియ్యె కొండ మీద వాళ్ల వీధికి కుళాయి నీళ్లు వారానికి ఒక్కసారి, సోమవారం నాడే వస్తాయి. డాబా మీద ట్యాంకులు నింపుకోవడం, బట్టలుతకడం, గచ్చు కడగడం, తలంటుకోవడం, అన్నీ ఆ రోజే. మిగతా ఆరు రోజులూ ట్యాంకులో నీళ్లను పసిబిడ్డకు మందు పోసినట్టు పోసుకోవాలి. సోమవారం నాడు ఆ వీధిలో ఎవరూ ఎవరింటికీ వెళ్లరు. వెళ్లినా తలుపు తీసేవాళ్లుండరు.

తొట్టి వఫీక్‌ది కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. అది కింది అంతస్తులో ఉండే అబూ ఘాలిబ్‌ది. ఆయన ముప్పై ఏళ్లు సరిహద్దు కస్టమ్స్‌లో చేసి రిటైరయ్యాడు. సూట్‌కేసు తాళం చూసి లోపల ఏముందో చెప్పేవాడట. ఆయన కూతురు మైసూన్. మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఒకరికొకరు దారివ్వడానికి మైసూన్‌కీ వఫీక్‌కీ పట్టే సమయం నాలుగేళ్లుగా పెరుగుతూ వస్తోందని ఆ భవనంలో అందరికీ తెలుసు. చివరికి వఫీక్ తల్లి వెళ్లి మాట కదిపింది. అబూ ఘాలిబ్ సరే అనలేదు, కాదనీ అనలేదు. భార్యనూ కూతుర్నీ తీసుకుని ఉమ్రా యాత్రకు మక్కా బయల్దేరుతూ, అయిదు బంగారు చేపలున్న తొట్టిని నలుగురి చేత మోయించి వఫీక్ ఇంట్లో దింపించాడు.

"వచ్చే వారం శుక్రవారం, సాయంత్రం అసర్ నమాజయ్యాక మీ జాహా రావచ్చు," అన్నాడు. "కానీ అబ్బాయ్, నోరులేని అయిదు ప్రాణాల్ని పది రోజులు చూసుకోలేనివాడు నా పిల్లనేం చూసుకుంటాడు? ముందు నా చేపలు. తర్వాతే నా మాట."

పిల్లనడగడానికి మగపెళ్లివారి తరఫు పెద్దలు కట్టగట్టుకుని వెళ్లడమే జాహా. వాళ్ల ముందు కాఫీ పెడతారు. పిల్లనిస్తాం అనేదాకా ఒక్కరూ కప్పు పెదవికి తాకించరు. ఆ మాటయ్యాక తాగారంటే ఇక దేవుడొచ్చినా మార్చలేడు. కాబట్టి వఫీక్ జీవితమంతా ఇప్పుడు ఆ తొట్టిలో ఈదుతోంది.

వఫీక్ కళ్లద్దాల షాపులో పనిచేస్తాడు. ఎదుటివాడి కళ్లజోడు మీద మరక కనిపిస్తే, ముక్కూమొహం తెలియని మనిషైనా సరే, లాక్కుని తుడిచి ఇస్తాడు. అలాంటివాడి ఇంట్లో అద్దాలకు పాచి, నీళ్లకు పల్చని టీ రంగు ఉన్న తొట్టి వారం రోజులు నిలవడమే గొప్ప. గురువారం అబూ ఘాలిబ్ దిగేసరికి అది మెరిసిపోవాలనుకున్నాడు. నీళ్లన్నీ తోడి పారబోశాడు. గులకరాళ్లను మరిగే నీళ్లలో ఉడికించాడు. మోటారులో ఉండే నల్లటి స్పాంజిని తెల్లబడేదాకా పిండి పిండి ఉతికాడు. కొత్త నీళ్లు నింపి, క్లోరిన్ విరిగే చుక్కలు వేసి, చేపల్ని వదిలాడు.

"కొత్త పెళ్లికూతురి గదిలా ఉందిరా," అంది తల్లి. వఫీక్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

మంగళవారం పొద్దున్నకి తొట్టిలో నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. వఫీక్ సగం నీళ్లు తోడి కొత్తవి పోశాడు. మధ్యాహ్నానికి మళ్లీ మజ్జిగ. ఈసారి మొత్తం మార్చాడు. సాయంత్రానికి చిక్కటి మజ్జిగ. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ అతనికేదో చెప్పబోతున్నాయి. చెప్పాల్సింది అవి అబూ ఘాలిబ్‌కి చెబుతాయేమోనని వఫీక్ భయం.

"వారం నీళ్లు చేపలకు పోశావు," అంది తల్లి, వంటింటి కుళాయి బుస్సుమంటుంటే. "ఇప్పుడు గిన్నెలు నా కన్నీళ్లతో తోమనా?"

వఫీక్ బజారులో చేపలమ్మే అబూ జుహ్దీకి ఫోన్ చేశాడు.

"స్పాంజి ఉతికావా?" అన్నాడు అబూ జుహ్దీ.

"ఉతికాను. తెల్లగా మెరిసిపోతోంది."

"నీ ఇల్లు బంగారం కాను! ఆ మురికేనయ్యా నీళ్లను శుభ్రం చేసేది. అందులో కంటికి కనిపించని పనివాళ్లుంటారు. వాళ్లనందర్నీ ఊడ్చి బయట పారేశావు. ఇప్పుడు చేపల పెంటంతా నీళ్లలోనే ఉంటుంది."

"మరేం చెయ్యను బాబాయ్?"

"ఏమీ చెయ్యకు. మేత మానెయ్. ముట్టుకోకు. మరీ మనసూరుకోకపోతే ఇరవై లీటర్ల డబ్బాకి గుప్పెడు ఉప్పు కలిపి మూడు రోజులు ఎండలో పెట్టు. తర్వాత కొంచెం కొంచెం పొయ్యి."

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు. వఫీక్‌కి జుట్టు దండిగా ఉంది. ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లను రెండు డబ్బాలకు పట్టాడు. ఒక గుప్పెడు మేలు చేస్తే మూడు గుప్పెళ్లు మూడింతల మేలు చెయ్యాలి కదా అని లెక్కేసి, తల్లి రొట్టెల కోసం వెళ్లిన సమయంలో డబ్బాకి మూడు గుప్పెళ్ల ఉప్పు కలిపి బాల్కనీలో పెట్టాడు. తొట్టి మీద బల్లగుడ్డ కప్పేశాడు. దాన్ని ఎత్తి చూసే ధైర్యం మళ్లీ రాలేదు.

బుధవారం మధ్యాహ్నం మరో ఆలోచన వచ్చింది. తప్పు తొట్టిది కాకుండా తమ ట్యాంకుది కావచ్చు కదా? పక్కవాళ్ల నీళ్లు మంచివైతే రెండు బకెట్లు అడుక్కోవచ్చు. నీళ్ల పరీక్షకు వాడే చిన్న గాజు గొట్టాలు, రంగు మందూ కొనుక్కుని, షాపులో వేసుకునే తెల్లకోటుతోనే తిన్నగా డాబా ఎక్కాడు. ముందు తమ ట్యాంకు అడుగు చుక్కల్ని పరీక్షించి, పక్కనే ఉన్న పొరుగావిడ ఉమ్ జర్యస్ ట్యాంకు మూత తీశాడు. గొట్టంతో నీళ్లు ముంచి, మందు చుక్క వేసి ఊపాడు. తమ నీళ్లకు వచ్చిన రంగే దీనికీ వచ్చింది, వీసమెత్తు తేడా లేదు. నిరాశతో కనుబొమలెగరేసి, తల వెనక్కి విసిరి "త్చ్" అన్నాడు. ఆ ఊళ్లో ఆ చప్పుడుకి అర్థం ఒకటే: లాభం లేదు.

ఆరేసిన దుప్పట్ల వెనక ఉమ్ జర్యస్ నిలబడి ఉంది. అందరికన్నా కింది అంతస్తులో ఉండే ఆవిడకు ఎవరింట్లో ఏ పూట ఏం ఉడికిందో తెలుసు. కానీ వెనక నుంచి తెల్లకోటు మాత్రమే కనబడే మనిషిని పోల్చుకోలేకపోయింది.

"ఇన్‌స్పెక్టరు గారూ!" అని పిలిచింది. "మా నీళ్లకేమైంది?"

అడగకుండా ఆవిడ ట్యాంకు మూత తీసిన వఫీక్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిరగకుండా రెండేసి మెట్లు దాటుకుంటూ దిగి మాయమయ్యాడు.

"అడిగితే జవాబు చెప్పకుండా పారిపోయాడు," అని ఉమ్ జర్యస్ పావుగంటలో నాలుగు అంతస్తులకీ చెప్పింది. "నీళ్లు చూశాడు, రంగు మారింది, త్చ్ అన్నాడు. ఎంత ఘోరం కాకపోతే ప్రభుత్వం మనిషి అలా పరుగెత్తుతాడు?"

భవనం కమిటీ పెద్ద అబూ రాజీ మెట్ల దగ్గర అందర్నీ పోగేశాడు. వఫీక్ కూడా వెళ్లి చివర్న నిలబడ్డాడు, తెల్లకోటు మడిచి చంకలో దాచుకుని.

"నువ్వు చదువుకున్నవాడివి," అన్నాడు అబూ రాజీ. "నువ్వేమంటావ్?"

నిజం చెబితే తొట్టి సంగతి చెప్పాలి. తొట్టి సంగతి చెబితే మైసూన్ సంగతి ముగుస్తుంది. "అదేదో... మామూలు పరీక్షేమో బాబాయ్," అన్నాడు నీళ్లు నములుతూ.

"చూశారా, మనం భయపడతామని దాస్తున్నాడు!" అంది ఉమ్ జర్యస్. "పాపం, మంచి పిల్లాడు."

ఇంకేముంది, అన్ని ట్యాంకుల కుళాయిలూ విప్పేశారు. వారం నీళ్లు ఊరికే పోనివ్వడానికి ఎవరికీ చేతులు రాక మెట్లు కడిగారు, కార్లు కడిగారు, వీధిలో ఆలివ్ చెట్టును అది పుట్టాక ఎన్నడూ చూడనన్ని నీళ్లలో ముంచారు. ఊళ్లో లేని అబూ ఘాలిబ్ ట్యాంకును అబూ రాజీ స్వయంగా ఖాళీ చేశాడు, ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం చెయ్యాలి కదా అని. సాయంత్రానికి కబురు వీధంతా పాకింది. మూల దుకాణంలో నీళ్ల సీసాలు నిండుకున్నాయి. నీళ్ల లారీవాడు శనివారం దాకా కుదరదన్నాడు.

గురువారం అబూ ఘాలిబ్ కుటుంబం తిరిగొచ్చింది. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి తిప్పితే అది దగ్గింది.

"నా చేపలు?" అన్నాడాయన మొదటి మాటగా.

"రేపు జాహా అయ్యాక కిందికి దింపిస్తాను, బాబాయ్," అన్నాడు వఫీక్. "ఈ హడావుడిలో వాటికెందుకు కుదుపు?"

అబూ ఘాలిబ్ అతన్ని కాసేపు చూశాడు. తాళం చూసే చూపు అది.

శుక్రవారం వఫీక్ వాళ్ల సొంతూరు కరక్ నుంచి షేక్ సత్తామ్ నాయకత్వంలో నలభై మంది పెద్దలు దిగారు. షేక్ సత్తామ్ వఫీక్ తండ్రికి పెత్తండ్రి కొడుకు. ఆయన మీసాన్ని అందరూ పెదనాన్నకు ఇచ్చినంత గౌరవంతో చూస్తారు. వఫీక్ వాళ్లతో మసీదు నుంచి వస్తుండగా, ఇటు వంటింట్లో మైసూన్ తల పట్టుకుంది. మక్కా నుంచి తెచ్చుకున్న సీసాలో నాలుగు గుక్కలు తప్ప ఇంట్లో నీళ్లు లేవు.

"పిన్నీ, మీ దగ్గరేమైనా నీళ్లున్నాయా?" అని పైకి పరుగెత్తి వఫీక్ తల్లిని అడిగింది.

"ఉన్నాయి తల్లీ!" అంది ఆవిడ పొంగిపోతూ. "బాల్కనీలో రెండు డబ్బాలున్నాయి. నా కొడుక్కి ఎంత ముందుచూపో చూడు, ఎప్పుడు పట్టి పెట్టాడో!"

నలభై మంది కూర్చున్నారు. నలభై కప్పుల కాఫీ వచ్చింది, యాలకుల వాసనతో. షేక్ సత్తామ్ తన కప్పును బల్ల మీద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"అబూ ఘాలిబ్, నీ కాఫీకి వెయ్యి దండాలు. కానీ మేమొచ్చిన పని కాకుండా తాగం. మా వఫీక్‌కి నీ మైసూన్ కావాలి."

"మీ అంతటివారు అడిగితే కాదంటానా?" అన్నాడు అబూ ఘాలిబ్. "అయితే అతనికొక వస్తువు అప్పగించాను. అదొకసారి చూస్తాను."

"ఏమిటా వస్తువు?"

"అయిదు చేపలు."

షేక్ సత్తామ్ మీసం ఒకవైపు లేచింది. కొడుకు వరస పిల్లాడి పెళ్లి చేప మీద ఆధారపడటం కరక్‌లో ఎవరూ విని ఉండరు. అయినా లేచాడు. పెద్దాయన లేస్తే మిగతావాళ్లు కూర్చోరు కాబట్టి నలభై అంగీలూ మూడో అంతస్తులో వఫీక్ ఇంటికి ఎక్కాయి. కింద కాఫీ చల్లారుతోంది. వఫీక్ వాళ్ల ముందు నడిచాడు, ఉరికంబం ఎక్కేవాడికైనా వెనక ఇంతమంది చుట్టాలుండరని అనుకుంటూ.

"గుడ్డ తియ్యి," అన్నాడు అబూ ఘాలిబ్.

వఫీక్ కళ్లు మూసుకుని బల్లగుడ్డ లాగాడు. ఒక కన్ను తెరిచాడు.

నీళ్లు తేటగా ఉన్నాయి, ఒక చాయ పసుపు. అయిదు చేపలూ కులాసాగా తోకలాడిస్తూ మేత ఏదని అడుగుతున్నాయి. భవనంలో చుక్క నీరు లేక మూడు రోజులు ఎవరూ ముట్టుకోకపోయేసరికి, పోయిన పనివాళ్లు వాళ్లంతట వాళ్లే తిరిగొచ్చి పనిలో దిగారు.

అబూ ఘాలిబ్ వంగి, వేలు ముంచి, వాసన చూశాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"నేను వదిలి వెళ్లినట్టే ఉంది. కిందటిసారి మా బావమరిదికి ఇచ్చి వెళ్తే కడిగి కడిగి రెండింటిని చంపాడు. నువ్వు ముట్టుకోలేదు కదూ?"

"మూడు రోజులుగా చెయ్యి పెట్టలేదు బాబాయ్," అన్నాడు వఫీక్. అది నిజమే.

"వీడు మగాడు! షేక్ సాబ్, పిల్లనిచ్చాను. పదండి, కాఫీ తాగండి."

కింది వంటింటి నుంచి, ఆడవాళ్లు నాలుకాడిస్తూ పెట్టే సంబరపు జగారీత్ కేకలు మెట్లంతా నిండాయి. ఆనందంతో వఫీక్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. నలభై మందీ, వాళ్లతోపాటు అబూ ఘాలిబూ దిగివచ్చి, కప్పులెత్తి, ఒక్క గుక్కలో తాగేశారు.

నలభై నోళ్లూ ఉప్పుతో మండాయి. ఒప్పందం కాఫీ ఉమ్మడం పిల్లను వద్దనడం కన్నా పెద్ద అవమానం. ఎనభై కళ్లు గోడ మీద ఒకే చోటును చూశాయి. షేక్ సత్తామ్ మీసం రెండువైపులా వణికింది. ఆయన గుటక వేసి, పెద్దరికమంతా కూడగట్టుకుని, కాఫీ తాగాక అనవలసిన మాట "దాయిమె" అన్నాడు. మీ ఇంట ఇది ఎల్లకాలం ఉండాలని దాని అర్థం. తర్వాత ఇక చాలన్నట్టు కప్పు ఊపి కింద పెట్టాడు. ఆయన వెనకే ముప్పై తొమ్మిది కప్పులూ జోరుగా ఊగాయి.

వంటింట్లో ఉమ్ జర్యస్ కూడా ఒక గుక్క తాగినట్టుంది. "నేను చెప్పానా లేదా?" అని ఆవిడ గొంతు భవనమంతా వినిపించింది. "నీళ్లు పాడయ్యాయని బుధవారమే చెప్పానా లేదా?"

అబూ ఘాలిబ్ నెమ్మదిగా పెదవులు నాక్కున్నాడు. ముప్పై ఏళ్ల కస్టమ్స్ నాలుక అది. వఫీక్ చెవి దగ్గరికి వంగాడు.

"డబ్బాకి ఎన్ని గుప్పెళ్లు?"

వఫీక్ ఇక దాచలేకపోయాడు. "మూడు, బాబాయ్," అని, ఉతికిన స్పాంజి నుంచి తెల్లకోటు దాకా అంతా గుసగుసగా ఒప్పేసుకున్నాడు.

అబూ ఘాలిబ్ ఖాళీ కప్పును వేళ్ల మధ్య తిప్పాడు.

"ఇది కాఫీకి ముందు చెప్పి ఉంటే ఈ నలభై మందినీ మెట్లు దింపేవాణ్ని."

"ఇప్పుడో?"

"ఇప్పుడు తాగేశానుగా," అని ఆయన కూడా కప్పు ఊపాడు, రెండుసార్లు.