అయిదు మిల్లీమీటర్ల చూపు

మందాల అధికారి చూస్తున్నంతసేపే ఆ ఊళ్లో ఏ వస్తువైనా చెప్పిన మందంలో ఉండేది. ఆయన తల తిప్పుకోగానే దాని ఇష్టం దానిది. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించేది కాదు. రోడ్డు మీద తారు, బడి పైకప్పు, ఆసుపత్రి గోడ, హోటల్లో దోసె, అన్నిటిదీ అదే వరస. అధికారి సోమయాజులు గారు ఒక్కరే కాబట్టి ఊరు ఆయన్ని వంతులవారీగా వాడుకునేది. పొద్దున్న పిల్లలు లోపలున్నంతసేపూ ఆయన బడి పైకప్పు చూసేవారు. మధ్యాహ్నం ఆసుపత్రి. సాయంత్రం జనం ఇళ్లకు మళ్లే వేళకు మురుగుకాలువ మీది కల్వర్టు దగ్గర కుర్చీ వేసుకుని, దాని స్లాబు వంకే చూస్తూ కూర్చునేవారు. ఆదివారం ఆయనకు సెలవు. ఆ రోజు ఊళ్లోవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉండి, ఆయన విశ్రాంతి తీసుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకునేవారు.

ఈ ఏర్పాటులో ఇబ్బంది పడ్డవాడు కూర్మారావు ఒక్కడే. అతను కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మిగిలిన ప్రాణమంతా బొమ్మ విమానాల మీద పెట్టుకున్నాడు. ఫోమ్ షీటు కోసి, మడిచి, అతికించి, చిన్న మోటారు బిగించి, రిమోటుతో ఎగరేసే రకం. కట్ట మీద అయిదు మిల్లీమీటర్లని ఉంటుంది. విప్పితే ఒక మూల నాలుగు, నడుమ ఆరు, ఇంకో మూల ఎంతో ఆ మూలకే తెలియాలి. వేరే ఊళ్లలో కూడా షీట్లు ఇలాగే వస్తాయట. అక్కడివాళ్లు నాలుగు మూలలా కొలిచి, పెన్సిలుతో రాసుకుని, ఒకే మందం ఉన్నవి రెండు రెక్కలకీ, పలచనివి తోకకీ వాడుకుంటారు. ఎక్కువున్నచోట గరుకు కాగితంతో రుద్దేస్తారు. కూర్మారావూ అవన్నీ చేశాడు. కానీ అతని ఊళ్లో పెన్సిలు అంకె ఉన్నచోటే ఉండేది, దాని కింద మందం మాత్రం తెల్లారేసరికి ఎటో పోయేది. విమానం లేవడం, ఎడమకి ఒరగడం, ముక్కు బురదలో దిగబడడం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు షీట్ల మీద నెపం పెడుతున్నాడని వీధిలో నవ్వుకునేవారు.

షీట్ల కొట్టతను మంచివాడు. కూర్మారావు బాధ చూడలేక సోమయాజులు గారి ఫోటో ఒకటి తెచ్చి, దండేసి, షీట్ల ఎదురుగా తగిలించాడు. ఫోటోకి అవి అర మిల్లీమీటరు మర్యాద ఇచ్చాయి. ఆ అర మిల్లీమీటరుకే కూర్మారావు కళ్లు చెమర్చాయి. అతని తత్వమే అంత. దొరికినదానికి దండం పెట్టేవాడే గాని, దొరకనిదాని గురించి ఎవర్నీ నిలదీసిన పాపాన పోలేదు.

అతని భార్య నీలవేణికి అంత ఓపిక లేదు. ఇల్లంతా ఫోమ్ రజను, అన్నంలో ఫోమ్ రజను. చివరికి ఒకరోజు అతని చెయ్యి తన నెత్తిన పెట్టించుకుంది.

"ఇదే ఆకరు ఇమానం. ఇదీ పడిపోతే మరి ముట్టుకోనని ఒట్టెయ్యండి."

కూర్మారావు ఒట్టేశాడు. వేశాక రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కల్వర్టు దగ్గరికెళ్లి సోమయాజులు గారి కుర్చీ పక్కన చేతులు కట్టుకు నిలబడ్డాడు. స్లాబు మీంచి చూపు తిప్పకుండానే ఆయన సంగతంతా విన్నారు. ఆదివారం వస్తానన్నారు. సెలవు పూట అంతటివారు తన ఇంటికొచ్చి నులకమంచం మీద కూర్చుంటే, కూర్మారావు ముందు దండం పెట్టాకే కత్తి పట్టుకున్నాడు.

ఆయన చూస్తుండగా షీటు ఎక్కడ కొలిచినా అయిదే. రెక్కలు కోశాడు. విమానం ఒంట్లో రెక్క దూర్చడానికి సరిగ్గా అయిదు మిల్లీమీటర్ల గాడి తీశాడు. దూరిస్తే చర్మంలా అతుక్కుపోయింది. నీలవేణి కూడా వంటగదిలోంచి వచ్చి, రెక్కని వేలితో ఓసారి నొక్కి చూసి వెళ్లింది. సోమయాజులు గారు కాఫీ తాగి లేచారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, గాడిలో రెక్క ఊగే పన్నులా కదలడం మొదలుపెట్టింది. చూపులో చేసింది చూపులోనే నిలుస్తుందన్న చిన్న విషయం విమానం పిచ్చిలో అతనికి తట్టలేదు. పరిగెత్తుకెళ్లి వెనకనుంచే దండం పెట్టాడు.

"బాబూ, గాల్లో ఉన్నంతసేపూ కూడా తమరే సూడాలి. మరి గతి నేదు."

"చూడ్డానికేముంది నాయనా, చూస్తాను. సెలవు రోజు రెండోసారి వస్తే మా ఇంట్లో ఊరుకోరు. సాయంత్రం పూటంటావా, కల్వర్టు సంగతేమిటి?"

దానికి ఆయన పనిచేసే మందాల శాఖలో పద్ధతి ఉంది. చూపును రద్దు చేయడానికి వీల్లేదు గాని, ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చవచ్చు; మొదటిచోటి జనం అభ్యంతరం లేదనాలి, అంతే. కూర్మారావు ఇల్లిల్లూ తిరిగాడు. ఒక్కరూ కాదనలేదు. ఆ పూట కల్వర్టు పలచబడితే మీకేం బాధ లేదా అని శాఖ తరఫున అడిగితే, ఆ పూట మేమంతా కల్వర్టుకి అవతల మైదానంలో విమానం చూస్తుంటాం గదా, దాని మీద ఎవరుంటారు అన్నారు. తర్కం సరిపోయింది. శాఖ అనుమతిచ్చింది.

ఆ సాయంత్రం ఊరంతా కల్వర్టు దాటింది. అందరూ దాటేదాకా సోమయాజులు గారు స్లాబు చూసి, చివరి ముసలమ్మ కాలు అవతలి మట్టి మీద పెట్టాక చూపును జాగ్రత్తగా ఎత్తి, దారిలో దేనిమీదా ఒలకబోయకుండా మైదానానికి తెచ్చి, విమానం మీద పెట్టారు. కూర్మారావు కొలిచాడు. కుడి రెక్క అయిదు. ఎడమ రెక్క అయిదు.

"నీలా, నువ్వే ఇసురు," అన్నాడు. తన రెండు చేతులూ రిమోటు పట్టుకోవడానికే సరిపోయాయి.

ఆమె కొంగు బొడ్లో దోపి విసిరింది. విమానం లేచింది. ఎడమకి ఒరుగుతుందని ఊరంతా అలవాటు కొద్దీ మెడలు ఎడమకి వంచింది. అది మాత్రం తిన్నగా పోయింది. తుమ్మచెట్లు దాటింది, మైదానం చివర హుందాగా మలుపు తిరిగింది, తిరిగి వాళ్ల నెత్తిమీదుగానే వచ్చింది. సోమయాజులు గారు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఆకాశం వంక చూడమన్నవాళ్లు లేరు. ఆనందంతో ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగితే విమానం కాస్త తూలింది. వెంటనే ఎవరో జేబురుమాలు అందించారు, విమానమూ సర్దుకుంది. కూర్మారావు ఏడుస్తూనే ఉన్నాడు. అంత సంతోషం అతను పెళ్లినాడు కూడా ఎరగడు. విమానం దిగి గడ్డి మీద మెత్తగా ఆగాక, నీలవేణి దాన్ని తనే ఎత్తుకుని, రెక్క మీద మట్టి తుడిచి, "రేపు ఇంకోటి సేసుకోండి," అంది.

తిరిగి వచ్చేసరికి కల్వర్టు అప్పడమంత అయ్యుంది. కింద నల్లటి నీళ్లు స్లాబులోంచే కనిపిస్తున్నాయి. ఎప్పటిలా పనులనుంచి వస్తూ అప్పుడు దాని మీదే ఉండుంటే సైకిళ్లూ మనుషులూ ఏమయ్యేవాళ్లో అందరికీ తెలుసు. ఒక పెద్దాయన ముందుకొచ్చి కూర్మారావు చేతులు పట్టుకున్నాడు.

"బతికుంటే బలుసాకు తినొచ్చు. నీ ఇమానం ఊరిని కాపాడింది బాబూ."

అందరూ అవునన్నారు. ఒక్కొక్కరే వచ్చి కూర్మారావుకి దండం పెట్టారు. కూర్మారావు సోమయాజులు గారికి పెట్టాడు. ఆయన శాఖ ఉన్న దిక్కుకి పెట్టారు. స్లాబుని ఎవరు వేశారన్న మాట ఎత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. అంత మంచి సాయంత్రం అది.

సోమయాజులు గారు చూపు మళ్లీ స్లాబు మీదికి దించగానే అది ఉబ్బి మందమెక్కింది. ఆయన ముందు నడిచారు, పాదాల వంకే చూసుకుంటూ. వెనకే ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊరంతా. ఆయనకు అడ్డు రాకూడదని పిల్లల నోళ్లు మూశారు. నడుమకొచ్చాక ఆయన ఆగారు.

"సాయంత్రమైతే ఈమధ్య నాకు కాస్త మసగ్గా ఉంటోందర్రా," అన్నారు, తల ఎత్తకుండా.

కాళ్ల కింద స్లాబు మెత్తగా అయ్యింది. ఎవరూ అరవలేదు. కూర్మారావు నీలవేణి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతని గుండె ఇంకా కృతజ్ఞతతో నిండే ఉంది.

"పరవానేదు బాబూ," అన్నాడు. "తమరికి కనబడినంతే సూడండి. మేం అంత మేరే అడుగేస్తాం."