పద్మనాభం గారి రాజశిల

ఇకమీదట మన పార్టీలో నాయకుణ్ణి మనుషులు ఎన్నుకోరు, రాయి ఎన్నుకుంటుంది అని మా ఎంపీ పద్మనాభం గారు ప్రకటించారు. ఢిల్లీలో, ఆయన బంగళా పచ్చికలో, ఆదివారం పొద్దున, ఇడ్లీ పెసరట్టు తింటున్న విలేకరుల సమక్షంలో.

"మనుషులకు మొహమాటాలుంటాయి. కులాలుంటాయి. బావమరుదులుంటారు. రాయికేమున్నాయి?" అని అడిగారు సారు.

నేను చప్పట్లు కొట్టాను. నేను కొట్టాక మిగతావాళ్లు కొట్టారు. సారు దగ్గర నా ఉద్యోగం అదే. ఊళ్లో సభల కాలం నుంచీ చప్పట్లు మొదలుపెట్టేది నేను. మాట్లాడే పని లేదు కాబట్టి నాకు సరిపోయింది.

"ఏ రాయి సార్?" అన్నాడు ఒక విలేకరి.

"రాజశిల. పూర్వం ఐర్లాండ్ దేశంలో రాజులకు పట్టం కట్టిన రాయి. అసలైన రాజు కాలు పెడితే గట్టిగా అరుస్తుంది. నకిలీవాడు పెడితే నోరు మెదపదు. అంతర్గత ప్రజాస్వామ్యం అంటే అదీ!"

"ఐర్లాండ్ నుంచి తెప్పిస్తున్నారా సార్?"

"ఇక్కడే, ఓఖ్లా నుంచి," అన్నారు సారు.

అసలు సంగతి చెబుతాను. రాష్ట్రంలో మా పార్టీ అధ్యక్ష పదవి ఖాళీ అయింది. వచ్చే ఎన్నికల్లో టికెట్లు పంచేది ఆ కుర్చీలో కూర్చున్నవాడే. సారు ఆ కుర్చీ కోసం ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నారు. ఈసారి కూడా రాకపోతే ఇక రాదని ఆయనకు తెలుసు. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, పోటీకి రామమోహనరావు గారున్నారు. ఆయనా ఎంపీయే. షుగరు లేదు.

రాయి కథ సారుకు చెప్పింది విష్ణువర్ధన్. అమ్మగారు నాగమల్లేశ్వరి గారి తమ్ముడి కొడుకు. మునిర్కాలో అద్దె గదిలో ఉంటాడు. నోయిడాలో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో పని. మెస్సు కూడు తినలేక ఆదివారం ఆదివారం అత్త చేతి పప్పు కోసం వస్తాడు. ఒకసారి వస్తూ వాళ్లు తయారుచేస్తున్న ఆట ల్యాప్‌టాప్‌లో తెచ్చాడు.

ఆటలో మనకో చిన్న రాజ్యం ఇస్తారు. రైతులుంటారు, గొర్రెలుంటాయి, మంత్రగాళ్లుంటారు. ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది. చివరకు కొండెక్కి రాయి మీద నిలబడాలి. అరిస్తే మనం రాజు.

"పాత కథలో రాజవంశం చూసి అరుస్తుంది మామయ్యా. మా గేమ్‌లో అది మార్చేశాం. రాజ్యానికి ఏం చేశామో చూసి అరుస్తుంది," అన్నాడు విష్ణు.

"ఎందుకురా మార్చడం? బాగున్నదాన్ని!" అని సారు నొచ్చుకున్నారు.

నొచ్చుకున్నా ఆడారు. ఆ వారం పార్లమెంటుకు కూడా వెళ్లకుండా ఆడారు. ఆటలో ఊరూరా తిరిగి బావులు మొదలుపెట్టారు, వంతెనలు మొదలుపెట్టారు, ధాన్యం కొట్లు మొదలుపెట్టారు. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడ ఒక పునాదిరాయి కనిపిస్తుంది. అది కనిపించగానే సారు సంతృప్తిగా పక్క ఊరికి వెళ్లిపోయేవారు. కొండ ఎక్కేనాటికి రాజ్యమంతా పునాదిరాళ్లే. రైతులు గొర్రెల్ని తోలుకుని పక్క రాజ్యానికి పోయారు.

రాయి అరవలేదు.

"ఇన్ని శంకుస్థాపనలు చేస్తే ఒక్కటీ లెక్కలోకి రాదా?" అని విష్ణుని నిలదీశారు.

"పూర్తయితేనే వస్తుంది మామయ్యా."

"ఇదేం గేమురా! వాస్తవానికి ఎక్కడైనా దగ్గరగా ఉందా?"

ఆ మధ్యాహ్నం సారు కునుకు తీస్తుంటే అమ్మగారు ఆటకు కూర్చున్నారు. ఆవిడ కొండలూ యుద్ధాలూ పట్టించుకోలేదు. బావి ఒకటి పూర్తిగా తవ్వించి, ఊళ్లో పొయ్యి ఎక్కడుందో వెతికి, కనిపించినవాళ్లందరికీ వండి పెట్టించారు. మంత్రగాళ్లకు కూడా పెట్టించారు. తర్వాత దారి తప్పి కొండ మీదకు వెళ్లి రాయి తొక్కారు. బంగళా దద్దరిల్లేలా అరిచింది. సారు మంచం మీంచి లేచి వచ్చారు.

"ఏం చేశావే?"

"ఏమీ చెయ్యలేదండీ, అన్నం పెట్టాను."

సారు కాసేపు ఆలోచించి, "ఈ గేమ్‌లో మహిళా కోటా ఉన్నట్టుంది," అన్నారు. ఈ విషయం గేటు దాటకూడదని నాకు చెప్పారు. నేను మామూలుగానే మాట్లాడను.

అంతటితో మామూలు నాయకుడైతే ఆట మానేసేవాడు. మా సారు దూరదృష్టి ఉన్న మనిషి. ఆటలో రాయి మన మాట వినకపోతే, వినే రాయిని బయట చేయించాలి అని నిశ్చయించారు. ఓఖ్లాలో పెళ్లి మంటపాల సెట్టింగులు చేసేవాళ్లు ఫైబరుతో బ్రహ్మాండమైన రాయి చేసిచ్చారు. పాచి పట్టినట్టు ఆకుపచ్చ రంగు కూడా కొట్టారు. లోపల స్పీకరు, బ్యాటరీ. విష్ణు చేతిలో రిమోటు. నొక్కితే అరుస్తుంది, నొక్కకపోతే లేదు.

అరుపు విషయంలోనే కాస్త ఆలస్యమైంది. సింహం గొంతు రికార్డు చేద్దామని విష్ణు జూకి వెళ్లాడు. సింహం నిద్రపోతోంది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ నిద్రపోతోంది. చివరికి ధౌలా కువా దగ్గర ఒక బస్సు బ్రేకు చప్పుడు పట్టుకొచ్చి, దానికి మునిర్కాలో తన గది వెనక కట్టేసే గేదె గొంతు కలిపాడు. వినగానే సారు కళ్లు చెమర్చాయి.

"రాజసం ఉందిరా," అన్నారు.

హైకమాండు తరఫున పరిశీలకుడు మనోహర్‌జీ వస్తున్నారని కబురొచ్చింది. అధ్యక్షుడుగా ఎవరుండాలో ఎంపీల అభిప్రాయం తీసుకుని పైకి చెప్పేది ఆయనే. సారు వెంటనే ఆయన్నీ, రామమోహనరావు గారినీ, మిగతా ఎంపీలందరినీ భోజనానికి పిలిచారు. పథకం సులువు. భోజనాలయ్యాక అందరూ సరదాగా రాయి ఎక్కుతారు. రాయి మూగగా ఉంటుంది. ఆఖర్న సారు ఎక్కుతారు. మనోహర్‌జీ చెవులారా వింటారు.

భోజనాలయ్యాయి. అందరూ పచ్చికలోకి వచ్చారు. సారు రాయి మహిమ హిందీలో చెప్పారు. చెప్పి, "రామమోహనరావు గారూ, మీరే మొదలుపెట్టండి," అన్నారు.

రామమోహనరావు గారు ఆ మాటకే చెవులు మూసుకున్నారు.

"ఎంత మాట! మనోహర్‌జీ ఎదురుగా ఉండగా నేను ముందు కాలు పెడతానా? ముందు వారు."

ఇది సారు లెక్కలో లేదు. మా పార్టీలో పైనుంచి వచ్చినవారు తినందే తినం, కూర్చోందే కూర్చోం. ఎక్కడం మాత్రం ఎలా ఎక్కుతాం? మనోహర్‌జీ వద్దు వద్దంటూనే చెప్పులు విప్పారు. విష్ణు సారు వంక చూశాడు. హైకమాండు మనిషి కాలు పెడితే రాయి నోరు మూసుకోవడమా? సారు కళ్లతోనే సైగ చేశారు. విష్ణు నొక్కాడు.

బస్సూ గేదే కలిసి అరిచాయి. గేటు దగ్గర పోలీసు తుపాకీ సర్దుకున్నాడు. నేను చప్పట్లు కొట్టాను. అందరూ కొట్టారు. రామమోహనరావు గారు ముందుకొచ్చి, "జీ, మాకు ముందే తెలుసు. మీలో రాజలక్షణాలున్నాయి!" అన్నారు.

మనోహర్‌జీ చిరునవ్వు నవ్వబోయి మధ్యలో ఆపేశారు. రాయి మీంచి ఒక్క ఉదుటున దూకారు. ఆ వయసులో అలా దూకడం నేను చూడలేదు.

"భయ్యా, ఎవరు రాజు?" అన్నారు, గొంతు తగ్గించి.

"మీరే జీ."

"మన పార్టీలో రాజు అనే మాట ఎవరికి వాడతాం?"

ఎంపీల్లో ఒక పెద్దాయన మెల్లగా, "ఎవరికీ వాడం జీ. కానీ ఎవరో అందరికీ తెలుసు," అన్నారు.

"మరి నా కింద రాయి అరిచిందని పైకి తెలిస్తే? రేపు నేనెక్కడుంటాను?"

మనోహర్‌జీకి చెమటలు పట్టాయి. రామమోహనరావు గారు రుమాలు అందించారు.

"అరిచిందా? రాయి అరవలేదు జీ. నాకు దగ్గొచ్చింది," అన్నారు. అని, నమ్మకం కలగడానికి మళ్లీ దగ్గారు.

మా సారు వెనకబడతారా? "నేనూ దగ్గాను జీ!" అన్నారు. మిగతా ఎంపీలు కూడా తలా ఒకసారి దగ్గారు. లోపల్నుంచి అమ్మగారు, "ఏమండీ, పులుసులో కారం ఎక్కువైందా?" అని కేక వేశారు.

మనోహర్‌జీ మంచినీళ్లు తాగి తేరుకున్నారు. పెద్దవాళ్లు పెద్దవాళ్లే. అప్పటికప్పుడు కొత్త సిద్ధాంతం చెప్పారు.

"ఈ రాయి ఎవరి కింద అరిస్తే వాడు పార్టీకి ద్రోహి. వాడికి రాజు కావాలనుంది. ఎవరి కింద అరవదో వాడే నిఖార్సైన కార్యకర్త. అలాంటివాడే హైకమాండుకు కావాలి. ఠీక్ హై?"

"ఠీక్ హై జీ!" అన్నారంతా. నేను కొట్టాల్సింది కొట్టాను.

ఈసారి ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. రామమోహనరావు గారు పంచె ఎగ్గట్టి అందరికంటే ముందెక్కారు. రాయి అరవలేదు. ఆయన గంతులు వేశారు. అయినా అరవలేదు. "చూడండి జీ, నాలో ఏమీ లేదు!" అని కంటనీరు పెట్టుకున్నారు. తర్వాత మిగతావాళ్లు ఎక్కారు. ఒకరిని మించి ఒకరి కింద నిశ్శబ్దంగా ఉంది. ఒకాయన రాయి మీద పడుకుని మరీ నిరూపించుకున్నారు.

మా సారు విష్ణు చెవి దగ్గరకు వంగారు.

"అరిచిందంటే చంపుతా."

"మామయ్యా, అరవాలనేగా మీరు ఇన్నాళ్లూ..."

"నోర్ముయ్. అది పొద్దుటి మాట."

సారు ఎక్కారు. రాయి అరవలేదు. మోకాళ్లు నొప్పెడుతున్నా దిగలేదు. ఎంతసేపు నిలబడితే అంత విధేయత అని ఆయన నమ్మకం. చివరికి నేనూ విష్ణూ చెరో చెయ్యి పట్టి దించాం.

ఇప్పుడు మనోహర్‌జీకి అసలు చిక్కు వచ్చింది. అందరూ సమానంగా పనికిరాకుండా ఉన్నారు. ఎవరిని చెయ్యాలి? ఆయన రాయి పక్కనే కుర్చీ వేయించుకుని, పూతరేకు తింటూ చాలాసేపు ఆలోచించారు. తర్వాత చేతిలో రిమోటుతో నిలబడ్డ విష్ణుని పిలిచారు.

"బేటా, ఇది తనంతట తాను ఎప్పుడైనా అరుస్తుందా?"

"లేదు సర్. బటన్ నొక్కితేనే."

"నొక్కినప్పుడల్లా అరుస్తుందా? ఆలోచించి చెబుతాను అనదా?"

"అనదు సర్."

"కొడుకులున్నారా?"

విష్ణు నా వంక చూశాడు.

"రాయికా సర్? లేరు."

"అల్లుళ్లు?"

"లేరు సర్."

"కులం?"

"ఫైబర్ సర్."

"టీవీ వాళ్లు పిలిస్తే వెళ్లి కూర్చుంటుందా?"

"నలుగురు మోసుకెళితే కూర్చుంటుంది సర్."

"అచ్ఛా," అన్నారు మనోహర్‌జీ. విష్ణు చేతిలోంచి రిమోటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. చూసి కుర్తా జేబులో వేసుకున్నారు.

"సర్, బ్యాటరీ అయిపోతే..." అన్నాడు విష్ణు.

"మేం చూసుకుంటాం బేటా."

ఆ వారంలోనే ఫోనొచ్చింది. సారు లేచి నిలబడి మాట్లాడారు. పైనుంచి ఫోనొస్తే ఆయన ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు. "జీ... జీ... చాలా సంతోషం జీ... చారిత్రాత్మకం జీ..." అని ఫోను పెట్టేసి, మెల్లగా సోఫాలో కూర్చున్నారు.

అమ్మగారు వచ్చారు.

"ఏమైందండీ? మీకేనా?"

సారు తల అడ్డంగా ఊపారు.

"రామమోహనరావు గారికా?"

మళ్లీ అడ్డంగా ఊపారు.

"మరెవరికండీ?"

సారు కిటికీలోంచి పచ్చిక వైపు చెయ్యి చూపించారు. పచ్చికలో రాయి ఉంది. దాని మీద అమ్మగారు ఎండబెట్టిన గుమ్మడి వడియాలున్నాయి. ఆవిడ పరుగున వెళ్లి వడియాలు తీసేసి, కొంగుతో రాయిని తుడిచారు.

మధ్యాహ్నానికి గేటు బయట కార్లు ఆగాయి. రామమోహనరావు గారు అందరికంటే పెద్ద దండ తెచ్చారు. మెడ ఎక్కడుందో తేల్చుకోలేక దండని రాయి మీద పరిచారు. కెమెరాలు వచ్చాయి. మనోహర్‌జీ కూడా వచ్చి, జేబులో చెయ్యి పెట్టుకుని ఒక పక్కగా నిలబడ్డారు.

"కొత్త అధ్యక్షుల నియామకంపై మీ స్పందన?" అని విలేకరులు మా సారుని అడిగారు.

"హృదయపూర్వకంగా స్వాగతిస్తున్నాను. దృఢమైన వ్యక్తిత్వం. వివాదరహితులు. ఎవరి గురించీ ఇంతవరకూ ఒక్క మాట తూలలేదు. వారి నాయకత్వంలో పనిచేయడం నా అదృష్టం."

చెప్పి, ఆశీర్వాదం తీసుకోవడానికి రాయి ముందు వంగారు. వంగి ఆగిపోయారు. కాళ్లు ఎటువైపున్నాయో తెలియలేదు. పొరపాటున తల వైపు దండం పెడితే ఎలా ఉంటుందో ఏమో. కెమెరాలు చూస్తున్నాయి. సారు ఒక వైపు దండం పెట్టి, పక్కకు జరిగి రెండో వైపు పెట్టి, అలా నాలుగు వైపులా పెట్టారు. ఎందుకైనా మంచిదని మళ్లీ మొదటి వైపుకు వచ్చారు.

రెండో చుట్టు మొదలయ్యేసరికి ఆయన వెనక రామమోహనరావు గారు, ఆయన వెనక మిగతా ఎంపీలు వచ్చి చేరారు.