డివిజన్‌లో ఒకే ఒక్క తుపాకి

"మా డివిజన్‌లో ఇకమీదట నంబరు తెలియని తుపాకి ఒక్కటి కూడా ఉండబోదు!" అని ఆయుధ పారదర్శకతా ప్రత్యేకాధికారి దయానంద్ గారు పోలీసు స్టేషన్ మెట్ల మీద నిలబడి ప్రకటించగానే నేను చప్పట్లు కొట్టాను. స్టేషన్ ఎదుట అర్జీలు రాసుకుని బతికేవాణ్ణి, చప్పట్లు నా వృత్తిధర్మం. పైగా అంత నిజాయితీ గల అధికారిని నేనెన్నడూ చూడలేదు. తాను తుపాకిని దగ్గరగా చూడడం ఇదే మొదటిసారని, అందుకే తనకు ఏ ప్రెజుడిసూ లేదని ఆయనే చెప్పారు.

ఎన్నికల ముందు లైసెన్సుదారులంతా స్టేషన్‌లో అప్పగించిన తుపాకులు నలభై ఒకటి. నలభై పంట కాపలా రైతులవి, ఒకటి అప్పటి అభ్యర్థిది. ఎన్నికలయ్యాయి, అభ్యర్థి గెలిచి మంత్రి కూడా అయ్యారు. తుపాకులు మాత్రం తనిఖీ కోసం స్టేషన్ గదిలోనే ఉన్నాయి.

ఆ నలభై మంది రైతుల్లో ఒకడైన కుప్పయ్యకు ఆగే వీలు లేదు. కొండవారన అతని మూడెకరాల వేరుశనగ ఊడలు దిగి కాయ పడుతోంది.

"అప్పా, అడవి పందులు సాళ్ళకు సాళ్ళు తవ్వి పారేస్తా ఉండాయి. గాల్లోకి రెండు దెబ్బలు పేలిస్తే వారం ఈ దిక్కు సూడవు. ఇంకో పది దినాలు పోతే సేన్లో తీగ కూడా మిగల్దు. నా తుపాకి నాకిప్పించు," అన్నాడు.

అర్జీ రాసిచ్చాను. తనిఖీ రోజు కుప్పయ్యతో పాటు నేనూ లోపలికి వెళ్ళాను.

ప్రొటోకాల్ ప్రకారం ముందు మంత్రిగారి తుపాకి బల్ల మీదికి వచ్చింది. దయానంద్ గారు భూతద్దంతో గొట్టాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా గాలించి, "దొరికింది! పన్నెండు, డెబ్బై!" అన్నారు. కంప్యూటర్ ముందున్న జయంతి గారు 1270 అని కొట్టారు. రెండో తుపాకి మీదా అదే దొరికింది. మూడో దాని మీదా అదే.

కుప్పయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "సామీ, అది నంబరు కాదు. పన్నెండంటే గొట్టం సైజు, డెబ్బై అంటే తూటా పొడుగు. అన్నిటి మీదా అదే ఉంటాది. నంబరు గొట్టం కింద ఆ కట్టె ఇప్పితే కనపడతాది. నాది నలభై ఎనిమిది వేల మూడొందల పదిహేడు. లైసెన్సు పుస్తకంలో రాసుండాది సూడండి."

"నువ్వు ఇంజనీరువా?"

"కాదు సామీ. ముప్పై ఏండ్లుగా దాన్ని తుడిసేవాణ్ణి."

"కట్టె విప్పితే ప్రభుత్వ కస్టడీలో ఉన్న ఆస్తిని డ్యామేజ్ చేసినట్టు. పైకి కనపడేదే పారదర్శకత," అన్నారు దయానంద్ గారు. ఆ మాట నేను నోట్ చేసుకున్నాను.

సాయంత్రానికి జయంతి గారు తలపట్టుకున్నారు. "సార్, మంత్రిగారిదొకటే తీసుకుంటా ఉండాది. మిగతా నలభైటినీ డూప్లికేట్ ఎంట్రీ అంటా ఉండాది."

దయానంద్ గారు కాసేపు స్క్రీన్ వంక చూశారు. నెమ్మదిగా ఆయన ముఖం వెలిగింది. "డిలీట్ చెయ్యమ్మా. కంప్యూటర్ ఎందుకు అబద్ధం చెబుతుంది? మన దగ్గరున్నది ఒక్కటే."

మూడో రోజు తిరుపతి ప్రెస్‌మీట్‌లో మంత్రిగారు డివిజన్‌లో ఆయుధాలు తొంభై ఏడున్నర శాతం తగ్గాయని, ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ ఇది సాధించలేదని ప్రకటించారు. అదే రోజు కుప్పయ్య తుపాకుల గది కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"సామీ, నాది ఆడనే ఉండాది. గోడకానించి. కనిపిస్తా ఉండాది!"

"కనిపించడం వేరు, రికార్డులో ఉండడం వేరు," అన్నారు దయానంద్ గారు, ఎంతో ఓర్పుగా.

తర్వాతి వారం, తుపాకి అవసరం లేని రైతును స్వయంగా అభినందించడానికి మంత్రిగారే కుప్పయ్య చేనుకు వచ్చారు. అప్పటికి చేనంతా గుంటలు. కుప్పయ్య భార్య తాయమ్మ గట్టు మీద ఖాళీ డబ్బా, కర్ర పట్టుకుని నిలబడి ఉంది. కొట్టీ కొట్టీ అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె ముఖం చూడలేక నేను కెమెరాల వైపు తిరిగాను. డివిజన్‌లోని ఏకైక తుపాకిని మంత్రిగారు భుజాన వేసుకుని ఫొటోలకు నిలబడ్డారు. ఆయన పాతది తుప్పు పట్టిందట. అన్నిటికీ నంబరు ఒకటే కాబట్టి గదిలో నిగనిగలాడేదాన్ని ఎంచుకున్నారు.

"అది మన తుపాకి!" అంది తాయమ్మ. "పట్టీ నా పాత సీర అంచుతో కుట్టినాను!"

కుప్పయ్య లైసెన్సు పుస్తకం తీశాడు. "కట్టె ఇప్పి సూడండి సామీ. ఒక్కసారి."

విలేకరులున్నారు కదా, మంత్రిగారు నవ్వుతూ తలూపారు. గన్‌మన్ కట్టె విప్పాడు. గొట్టం అడుగున చక్కగా, స్పష్టంగా 48317 ఉంది. పుస్తకంలోనూ 48317 ఉంది. కుప్పయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండు చేతులూ చాచాడు.

దయానంద్ గారు ఒకసారి తుపాకిని, ఒకసారి పుస్తకాన్ని భూతద్దంతో చూశారు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

"మంత్రిగారి తుపాకి నంబరు నీ లైసెన్సులోకి ఎట్లా వచ్చిందయ్యా?"

కుప్పయ్యను జీపు ఎక్కించారు. పంచనామా నేనే రాశాను. నా చేతిరాత చాలా బాగుందని దయానంద్ గారు మెచ్చుకున్నారు.