కరెంటు లేని ఇన్వర్టర్ గేటు

ఎల్లారెడ్డి రోడ్డులోని మా పాలిటెక్నిక్‌లో 2012 వేసవి ప్రాక్టికల్ పరీక్ష, ఇన్వర్టర్ గేటు ప్రయోగంతో సహా, దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను. ఆ పూట కరెంటు లేదన్నది గిట్టనివాళ్ల ప్రచారం. నిజమే గానీ, ప్రచారమే.

ఎలక్ట్రానిక్స్ చదవని పాఠకుల కోసం రెండు ముక్కలు. ఇన్వర్టర్ గేటంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సున్నా ఇస్తే ఒకటి చేస్తుంది, ఒకటి ఇస్తే సున్నా చేస్తుంది. లోపలికి వోల్టేజీ ఇస్తే బయట బల్బు ఆరుతుంది, ఇవ్వకపోతే వెలుగుతుంది. చాయ్ వద్దన్నవాడికి తెచ్చిపెట్టి, కావాలన్నవాడిని మరిచిపోయే మా ఇంటి మర్యాద లాంటిదే. కాకపోతే ఇలా ఎదురు చెప్పడానికి గేటుకు విడిగా కరెంటు అందాలి. అందకపోతే ఏమిచ్చినా బల్బు వెలగదు. ఈ పాఠం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌ని నేనే. నా అంత బాగా చెప్పేవాడు కామారెడ్డి దాకా లేడని నా నమ్మకం. కామారెడ్డి అవతల నేనెప్పుడూ విచారించలేదు.

పరీక్ష మొదలవగానే కరెంటు పోయింది. జనరేటరు ఉంది గానీ, అది తనిఖీ బృందం వచ్చిన రోజే తిరుగుతుంది. పరీక్ష పెట్టడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు గడియారం చూశారు. ప్రిన్సిపాల్ నారాయణ గారి గదిలోంచి వస్తున్న నాటుకోడి కూర వాసన చూశారు. కరెంటు ఉన్నట్టే భావించి ప్రయోగం చేయవలసిందిగా ఆదేశించారు. పిల్లలు భావించారు. అందరి బల్బులూ వెలిగాయి, ఆరాల్సిన చోట ఆరాయి కూడా. ఫలితాలు రికార్డుల్లో ముందే రాసి ఉంచుకోవడం మా దగ్గర ఆనవాయితీ కాబట్టి ఎక్కడా తేడా రాలేదు.

మాచారెడ్డి రైతు ముత్తయ్య కూతురు నిహారిక ఒక్కతే తేడా తెచ్చింది. సున్నా ఇచ్చినా, ఒకటి ఇచ్చినా బల్బు వెలగలేదని రాసింది. ఈ పరీక్ష పాసైతేనే ఆ పిల్ల ఆ ఏడాది ఇంజనీరింగ్‌లో చేరగలదు. ఆ సంగతి నాకూ తెలుసు. అందరికీ వెలిగిన బల్బు నీకెందుకు వెలగలేదని ఎక్స్‌టర్నల్ సారు గద్దించారు.

"కరెంటు లేకుంటే గేటు పనిచెయ్యది సార్. మా సారే చెప్పిన్రు," అని నన్ను చూపించింది.

సారు నా వైపు తిరిగారు. ఆయన వెనక ప్రిన్సిపాల్ గారు నిలబడి ఉన్నారు. జూన్‌లో నన్ను ఉంచాలో పంపాలో తేల్చేది ఆయనే. చెప్పానన్న మాట నాలుక దాకా వచ్చింది.

"నేను గట్ల చెప్పలే సార్," అన్నాను.

కరెంటు లేకున్నా ఆ పూట ఆ గదిలో తప్పు లేకుండా పనిచేసిన గేటు నేనొక్కడినే. శాస్త్రానికి ఇది నా వంతు సేవ. నిహారిక ఫెయిలైంది. నాకు చాలా సిగ్గేసింది. కూర మాత్రం బాగుంది.

దసరా తర్వాత సప్లిమెంటరీకి ఆ పిల్ల మళ్లీ వచ్చింది. కరెంటు అప్పుడూ లేదు. ఈసారి పరీక్ష పెట్టింది నేనే. బల్బు వెలిగిందా అని అడిగాను. బల్బు వైపు చూడలేదు, నా మొహమే చూసింది.

"వెలిగింది సార్. మీరెట్లంటే గట్లనే."

పూర్తి మార్కులు వేశాను. ఇంజనీరింగ్ ఎటూ పోయింది గనక ఇప్పుడు మా ల్యాబులోనే పనిచేస్తోంది. ఇన్వర్టర్ గేటు నేర్పేది ఆమే. మీ పిల్లలను నిశ్చింతగా పంపండి. అందరికీ వెలుగుతుంది.