ఆగితే ఆగిపోయే కారు

"మా కారుకి వాల్వు టైమింగ్ తేడాగా ఉందక్కా. టైముకి తెరుచుకోదు, టైముకి మూసుకోదు. తమ్ముడు లాప్‌టాప్ తగిలించి చూస్తున్నాడు" అని మా ఆవిడ ఫోన్‌లో వాళ్ళక్కతో అంది. అవతల వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఆ రొదలో మా వదినగారికి ‘కారుకి’ కాస్తా ‘వారికి’ అని వినిపించింది.

అంతే! కారుకి వచ్చిన జబ్బు వారికి అంటుకుంది. వారంటే నేనే. దాంతో ఎంతమంది కంగారుపడ్డారో తర్వాత చెబుతాను. ముందు నా సిద్ధాంతం వినండి.

టర్బో ఇంజన్‌కి వాల్వు టైమింగ్ ట్యూన్ చేసే మనిషి ప్రతి ఇంటికీ ఒకడు ఉండి తీరాలి. చెడిపోయిన కారుని బాగుచేసేవాడి గురించి కాదు నేను చెప్పేది. బాగున్న కారుని బాగుచేసేవాడి గురించి! మొదటివాడి వల్ల బాగుపడేది కారొక్కటే. రెండోవాడి వల్ల కుటుంబం మొత్తం బాగుపడుతుంది. నమ్మరా? మా ఇంటికి రండి.

మాకు దొరికిన వరం మా బావమరిది. వృత్తి పళ్ళ డాక్టరు. పగలంతా జనం చేత నోళ్ళు తెరిపించి, మూయించి, ఆ అలవాటు మానుకోలేక సాయంత్రాలు ఇంజన్ల మీద పడ్డాడు. ఒక ఆదివారం మా కారు బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, నా వైపు జాలిగా చూశాడు.

"బావా, ఇది పళ్ళు బిగబట్టుకుని ఊపిరి తీస్తోంది."

"నీ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ అలాగే తీస్తార్రా."

"నవ్వకు. దీంట్లో ఇంకా నలభై గుర్రాలు దాక్కుని ఉన్నాయి. బయటికి లాగుతాను చూడు."

బయటికి లాగుతానని పళ్ళ డాక్టరు అన్నప్పుడు భయపడాలని నాకు తట్టలేదు. గుర్రాలంటే ఇంజన్ హార్స్‌పవరే అయినా, ఆ మాట వినగానే మనసు పరిగెత్తింది.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. ఇంజన్‌కి రెండు రకాల తలుపులుంటాయి. ఒకదాంట్లోంచి గాలి లోపలికి వస్తుంది, ఇంకోదాంట్లోంచి పొగ బయటికి పోతుంది. ఇవే వాల్వులు. పాత కార్లలో ఇవి ఎప్పుడూ ఒకే టైముకి తెరుచుకునేవి, మన ఆఫీసుల్లా కాకుండా. ఇప్పటి కార్లలో ఆ టైముని ముందుకీ వెనక్కీ జరపొచ్చు. ఏ వేగంలో ఎంత జరపాలో గళ్ళ గళ్ళ పట్టిక ఒకటి ఉంటుంది. దాని పేరు మ్యాప్. దారి తప్ప అన్నీ చూపించే మ్యాప్ ప్రపంచంలో అదొక్కటే! ఇక టర్బో. బయటికి పోయే పొగతో ఫ్యాను తిప్పి లోపలికి గాలి నెట్టే యంత్రం. ఇప్పుడు తొక్కితే తర్వాత పరిగెడుతుంది. ‘తర్వాత’ అనే మాటే నోరు తిరక్క టర్బో అయిందని నా అనుమానం.

రెండు తలుపులనీ కాసేపు కలిపి తెరిచి ఉంచితే టర్బో నెట్టే గాలి లోపలి పొగనంతా ఊడ్చేస్తుందని మా బావమరిది లెక్క. నిజమే, ఊడ్చింది. తొక్కితే కారు రివ్వున పోతోంది. కానీ కారు నిలబడి ఉన్నప్పుడు టర్బో నెట్టదు కదా? అప్పుడు కూడా రెండు తలుపులూ బార్లా ఉంటే ఏమవుతుంది? పోవాల్సిన పొగ మళ్ళీ ఇంట్లోకే వస్తుంది. ఇంజన్ దగ్గుతుంది, వణుకుతుంది, కన్నుమూస్తుంది. అందుకే మా కారు ఆగితే ఆగిపోతుంది.

"నిలబడ్డప్పుడు ఎలా ఉందో చూసుకోలేదట్రా?" అని అడిగాను.

"నిలబడ్డ కారుని ఎవడు చూస్తాడు బావా?"

ఎంత గొప్ప మాట! ఈ జాతి మనుషులు కారుని పరుగులోనే కొలుస్తారు. మూడో గేరులో పెట్టి, పాదం నేలకి ఆనేదాకా తొక్కి, ఆ పరుగునంతా లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తారు. తర్వాత పట్టికలో ఒక మూల అంకెలు పెంచుతారు. పక్క గళ్ళు ఎగుడుదిగుడుగా కనిపిస్తే కంటికి బాగుండదని అటూ ఇటూ నున్నగా పాముతారు. ఆ పాముడు పాకుతూ పాకుతూ ‘నిలబడ్డ కారు’ గడి దాకా వచ్చింది. మావాడు ఆ గడి వైపు కన్నెత్తి చూడలేదు. పన్ను అరగదీస్తూ నాలుక మీదికి పోయాడన్నమాట.

దీనివల్ల మాకు ఒరిగిన మేళ్ళు చెప్పనా? నా బెల్టు లోపలి చిల్లుకి మారింది. రోజూ కారు తోసేవాడికి జిమ్ము ఎందుకు? స్నేహాలు పెరిగాయి. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర ఎవరి మొహమూ ఎరగను. ఇప్పుడు నా వెనక ఆగినవాళ్ళంతా అద్దాలు దించి పలకరిస్తున్నారు. మా అమ్మానాన్నల్ని కూడా తలుచుకుంటున్నారు! ఎదురింటి లెక్కల మాస్టారైతే నేను తాళంచెవి తీయగానే కిటికీ మూసేస్తారు. వాల్వు టైమింగ్ అంటే అదండీ.

ఇంట్లో అనుబంధం సంగతి చెప్పనే అక్కర్లేదు. సాయంత్రమైతే బావాబావమరుదులం ఒకే కారులో, ఒకే లాప్‌టాప్ మీద. గాలి లోపలికొచ్చే ఆ ఒక్క ఇన్‌టేక్ కోసం ఎన్ని టేకులో! మొదటి ఫైలు పేరు ‘ఫైనల్’. తర్వాతది ‘అసలు ఫైనల్’. ఆ తర్వాతది ‘అక్క మీద ఒట్టు ఫైనల్’.

ఈ సంబరంలో మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పశువుల డాక్టరు చదివింది లెండి. ఆవులకో గొర్రెలకో వైద్యం చెయ్యాలట. చెప్పింది గానీ, అప్పుడు నా ఒళ్ళో లాప్‌టాప్ ఉంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళ షరతు ఒక్కటే. చేరేనాటికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. పరీక్ష గురువారం. వాడాల్సింది మా కారే.

అమ్మాయి రోజూ ఎర్ర ఎల్ బోర్డు పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"నాన్నా, ఇవాళైనా రివర్సు నేర్పిస్తావా?"

"ఈ ఒక్క ఫైలు అవనీ తల్లీ."

"నిన్న కూడా ఒక్క ఫైలే అన్నావు."

"నిన్నటిది ఫైనల్. ఇవాళ్టిది అసలు ఫైనల్."

ఆ ఎల్ బోర్డు కారు వెనక ఉండాల్సింది. గాలికి అడ్డం పడుతుందని మా బావమరిది పీకేశాడు. అమ్మాయి ఆగి ఉన్న కారులో, ఇంజన్ వెయ్యకుండా, క్లచ్ తొక్కుతూ గేర్లు మారుస్తూ కూర్చునేది. పెట్రోలు కాలదు, పొగ రాదు, ఎవరికీ దెబ్బ తగలదు. ఇంత క్షేమమైన శిక్షణ ఎక్కడైనా ఉందా?

గురువారం పొద్దున్న ‘ఒట్టు ఫైనల్’తో బయల్దేరాం. స్టీరింగు మా బావమరిది చేతిలో, లాప్‌టాప్ నా ఒళ్ళో, అమ్మాయి వెనక సీట్లో, ఎల్ బోర్డు అమ్మాయి ఒళ్ళో. పరీక్ష ఎవరికని దారినపోయేవాళ్ళు అడిగితే చెప్పడం కష్టమే.

ఆఖరి సిగ్నల్ ఎర్రబడింది. కారు ఆగింది. ఆగింది కాబట్టి ఆగిపోయింది.

"మావయ్యా, టైమైపోతోంది."

"ఉండమ్మా, భలే దొరికింది. ఇన్నాళ్ళకి సరిగ్గా ఆ గడిలో పట్టుకున్నాం."

"నాన్నా?"

"ఒక్క నిమిషం తల్లీ, రికార్డవుతోంది."

వెనక తలుపు తెరుచుకుంది. మూసుకుంది. ఆ రోజు మా కారులో సరైన టైముకి తెరుచుకుని మూసుకున్నది అదొక్కటే. మేం తలెత్తి చూసేసరికి వెనక సీటు ఖాళీ.

తోసుకుంటూ తోసుకుంటూ పరీక్ష మైదానం చేరేసరికి అమ్మాయి గోడ మీద కూర్చుని ఎల్ బోర్డుతో విసురుకుంటోంది. అక్కడ డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ తన పాత కారు ఇచ్చి, అక్కడే ఒకసారి రివర్సు కూడా చూపించిందట. దానికి టర్బో లేదు, వాల్వుల టైము జరగదు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. గీత దగ్గర ఆగమంటే ఆగిందట, ఆగి బతికే ఉందట. రివర్సులో ఒక కోను వణికింది గానీ పడలేదట. అమ్మాయి పాసయింది!

ఇప్పుడేమంటారు? మా కారు సిగ్నల్ దాటి ఉంటే అమ్మాయి అందులోనే పరీక్షకి కూర్చునేది, గీత దగ్గర ఆగేది, ఆగిపోయేది, ఉద్యోగం పోయేది. మా బావమరిది చలవ వల్ల కారు ముందే పోయింది. ట్యూనింగ్ మహిమ కాకపోతే ఏమిటిది?

ఈ సిద్ధాంతం వినిపిస్తూ ఇంటికొచ్చేసరికి హాలంతా జనం. మా వదిన, తోడల్లుడు, మా ఆఫీసు క్యాషియరు, ఎదురింటి లెక్కల మాస్టారు. బల్ల మీద ఓ బుట్టెడు ఆపిల్ పళ్ళు. "పొద్దున్నే తీసుకెళ్ళారా?" అని వదిన నా ఆస్పత్రి సంగతి అడిగితే, అమ్మాయి పరీక్ష సంగతనుకుని మా ఆవిడ "తీసుకెళ్ళారక్కా, ఏమవుతుందో ఏమో" అని టీ పెట్టడానికి వెళ్ళిందట. ఇక అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

అప్పుడే నేను, కారు తోసి తోసి, చెమటలు కక్కుతూ, గుండె మీద చెయ్యేసుకుని గుమ్మంలో అడుగుపెట్టాను. వదిన బావురుమంది.

"ఈ స్థితిలో నడుస్తారా మరిదిగారూ? వాల్వు తెరుచుకోవట్లేదటగా?"

"తెరుచుకుంటోందక్కా" అన్నాడు బావమరిది. "అవసరానికి మించి తెరుచుకుంటోంది. సాయంత్రం నేనే సరిచేస్తాను."

"నువ్వా? నువ్వు పళ్ళ డాక్టరువి కదరా" అంటూ వదిన తన గుండె పట్టుకుంది.

అమ్మాయి హాలు మధ్యలో నిలబడి అందరికీ విడమరిచి చెప్పింది.

"పెద్దమ్మా, అమ్మ చెప్పింది వారికి కాదు, కారుకి. వాల్వు కారుది. నాన్న గుండె నిక్షేపంగా ఉంది. తెరుచుకోనివి చెవులు. మావయ్యకీ అదే జబ్బు. కావాలంటే నేను ఎవరికి వైద్యం చెయ్యబోతున్నానో నాన్నని అడుగు."

హాలంతా నా వైపు తిరిగింది. నేను బావమరిది వైపు చూశాను. వాడు లాప్‌టాప్ వైపు చూశాడు.

"ఆవులకి" అన్నాను.

"గొర్రెలకేమో బావా" అన్నాడు వాడు.

"గుర్రాలకి" అంది అమ్మాయి. "నిజం గుర్రాలకి. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో గుర్రాల మాట తప్ప ఇంకో మాట లేదు పెద్దమ్మా. నా గుర్రాల గురించి మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు."

తెరుచుకున్న నా నోరు, పళ్ళ డాక్టరు పక్కనే ఉన్నా, మూసుకోలేదు.

అమ్మాయి వెళ్ళి, వాళ్ళు నా కోసం తెచ్చిన ఆపిల్ పళ్ళ బుట్ట చంకనెత్తుకుంది.

"ఇవి వాటికి చాలా ఇష్టం" అంది.