వీధిలో పుట్టిన మొక్కు

ఆదివారం పొద్దున పానకాలు రెండు పనులు పెట్టుకున్నాడు. మొదటిది కొడుకుని పిచ్చయ్య దగ్గరికి తీసుకెళ్ళి క్షవరం చేయించడం. రెండోది అక్కణ్ణించి అటే సుభానీ స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో తీయించడం. రెండో పని సంగతి కొడుకుతో చెప్పాడు. మొదటి పని సంగతి చెప్పలేదు.

సత్తెనపల్లి బజారులో పానకాలుకి చీరల కొట్టు ఉంది. మంగళగిరి నేత చీరలు తెచ్చి అమ్ముతాడు. కొట్లో అతను కూర్చునే చోటికి వెనక, గోడ మీద రెండు ఫోటోలున్నాయి. ఒకటి తండ్రిది, ఒకటి తనది. ఇద్దరూ చెవుల మీదికి కత్తిరించిన జుట్టుతో, మెడదాకా గుండీలు పెట్టుకుని, చేతులు మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉంటారు. బేరమాడేవాళ్ళు ఆ ఫోటోలు చూసి, వీళ్ళు మోసం చేసే రకం కాదనుకుంటారని పానకాలు నమ్మకం. వాటి పక్కన కొడుకు ఫోటో పెడితే కొట్టు ఇంకో తరం నిలబడినట్టేనని అతని లెక్క.

కొడుకు పేరు సీతారామాంజనేయులు. గుంటూరులో పీయూసీ చదువుతున్నాడు. వెళ్ళేటప్పుడు తండ్రి ఫోటోలాగే వెళ్ళాడు. శివరాత్రి సెలవలకి వచ్చేసరికి జుట్టు చెవుల్ని కప్పేసి చొక్కా కాలరు మీద పడుతోంది. చొక్కా మీద పూలున్నాయి. ప్యాంటు గొట్టంలా ఉంది. అందులోకి కాళ్ళు ఎలా వెళ్ళాయో, మళ్ళీ ఎలా బయటికొస్తాయో పానకాలుకి అర్థం కాలేదు.

"ఏందిరా ఇది?" అని అడిగాడు.

"స్టైల్ నాన్నా. లండన్లో అందరూ ఇట్టాగే ఉంటారు."

"లండన్లో మనకి కొట్టు లేదుగా."

ఆ మాటకి కొడుకు తల విదిలించాడు. జుట్టు లేచి మళ్ళీ ఎక్కడిది అక్కడ పడింది.

ఇద్దరూ బయల్దేరారు. నాలుగిళ్ళ అవతల కోటిరత్నం అరుగు మీద కూర్చుని మిరపకాయలకి తొడిమెలు తీస్తోంది. ఆమెకి తెలిసిన సంగతి ఊళ్ళో వేరే చాటించాల్సిన పని ఉండదు.

"ఏం అన్నయ్యా, పిల్లాడి జుట్టు అట్టా వదిలేశారు? క్షవరం చేసేవాళ్ళే కరువయ్యారా?" అంది.

పానకాలు ఆగాడు. స్టైల్ అని చెప్తే సాయంత్రానికి ఊరంతా నవ్వుతుంది. నా మాట వినడం లేదని చెప్తే ఇప్పట్నుంచే నవ్వుతుంది. ఈ రెండూ కాని మాట కోసం వెతుక్కుంటుంటే నోరే ముందు తెరుచుకుంది.

"మొక్కమ్మా."

"ఏ దేవుడికి?"

"కోటప్పకొండకి."

కోటిరత్నం చేతిలో కాయ కింద పెట్టేసింది. "త్రికోటేశ్వరస్వామీ" అంటూ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. అప్పటిదాకా మిరపకాయలు తుంచిన చేతులవి. కళ్ళు భగ్గుమన్నాయి. నీళ్ళు ధారగా కారాయి. సైకిలు మీద అటు వెళుతున్న ఇద్దరు మనుషులు, పానకాలు కొడుకుని చూసి కోటిరత్నం వలవలా ఏడుస్తోందని బజారులో చెప్పారు.

"మనకి మొక్కుందా నాన్నా?" అన్నాడు సీతారామాంజనేయులు కొంత దూరం పోయాక.

"నడువు" అన్నాడు పానకాలు.

వాళ్ళు పిచ్చయ్య షాపు చేరేసరికి కబురు సైకిలు మీద ముందే చేరింది. కుర్చీలో ఒక పెద్దమనిషి సగం గడ్డానికి సబ్బు నురగతో కూర్చుని ఉన్నాడు. పిచ్చయ్య కత్తి పక్కన పెట్టి, కుర్రాణ్ణి కింది నుంచి పైకి చూశాడు.

"గండం గడిచిందంటగా బాబూ?"

"ఏం గండం?" అన్నాడు పానకాలు.

"కోటిరత్నమ్మగారు ఏడ్చిందంటగా. ఊరికే ఏడుస్తుందా ఆవిడ?"

"అదంతా తర్వాత. ముందు వీడికి చెవుల మీద కొంచెం తగ్గించు."

పిచ్చయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "మొక్కు జుట్టుకి కొంచెమనీ ఎక్కువనీ ఉండదు బాబూ. కత్తెర పెడితే పెట్టినట్టే. రేపు మా పిల్లలకి జొరమొస్తే నేను ఏ కొండకి పోను?"

"మొక్కు లేదు పిచ్చయ్యా" అన్నాడు పానకాలు గొంతు తగ్గించి.

కుర్చీలో పెద్దమనిషి నురగతోనే ఇటు తిరిగాడు. "ఏందయ్యా, స్వామి పేరు చెప్పి ఇప్పుడు లేదంటావా?"

"లేదని కాదు."

"మరి ఉందా?"

పానకాలు కొడుకు వైపు చూశాడు. బయట గుమ్మం దగ్గర గుమిగూడుతున్న జనం వైపు చూశాడు.

"ఉంది" అన్నాడు.

సీతారామాంజనేయులుకి అప్పటిదాకా ఏం జరుగుతోందో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, "ఓం నమశ్శివాయ" అన్నాడు. జనం దారి ఇచ్చారు.

జుట్టు కత్తిరించకుండా ఫోటో దండగని పానకాలు ఇంటిదారి పట్టాడు. దారిలో మిర్చి యార్డు గుమాస్తా ఎదురై, వచ్చే ఏడు ప్రభ ఎంత ఎత్తు కట్టిస్తున్నావని అడిగాడు. కోటప్పకొండ శివరాత్రి తిరనాళ్ళకి వెదుళ్ళతో కట్టి తీసుకెళ్ళే ప్రభ కొబ్బరిచెట్టుని మించి ఉంటుంది. "ప్రభ లేదు, జుట్టొక్కటే" అన్నాడు పానకాలు. ఆ మాటతో జుట్టు సంగతి మూడోసారి ఒప్పుకున్నట్టయింది.

ఇంట్లో తల్లి వెంకాయమ్మ చెంపలేసుకుంటోంది. ఎర్రటి కళ్ళతో కోటిరత్నం పక్కనే నిలబడి ఉంది.

"వచ్చినకాడ్నించీ ఈ పీచు కత్తిరించుకోరా అని వీణ్ణి తిడుతున్నానే. దేవుడి జుట్టని ఒక్క ముక్క చెప్పొచ్చు కదరా!" అంది వెంకాయమ్మ. "పోయినేడు వీడికి టైఫాయిడ్ తగ్గినప్పుడే అనుకున్నా, ఎవరో గట్టిగా మొక్కారని."

భార్య సామ్రాజ్యం పానకాలుని వంటింటి గుమ్మంలోకి లాగింది.

"మనం ఎప్పుడు మొక్కామండీ?"

"ఇందాక."

"నాతో ఒక్క మాట అనకుండానా?"

"నాకూ తెలీదు. వీధిలో మొక్కాను."

"మరి అత్తయ్యకి ఆ మాటే చెప్పండి."

పానకాలు తల్లి వైపు చూశాడు. వెంకాయమ్మ మనవడి జుట్టు కళ్ళకద్దుకుంటోంది. దేవుడి మీద అబద్ధమాడానని ఆమెతో చెప్పడం కంటే, ప్రభే కట్టించడం సులువనిపించింది.

ఇంతలో వెంకాయమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. అడుగు నుంచి ఒక ఫోటో తీసింది. అందులో పరికిణీ కట్టుకుని, పూలజడ వేసుకుని, అద్దానికి వీపు పెట్టి నిలబడిన పిల్ల ఏడుస్తోంది. అద్దంలో జడ కనిపిస్తోంది.

"ఎవరే నాయనమ్మా?" అన్నాడు సీతారామాంజనేయులు.

"మీ నాన్న. ఈ ఇంట్లో మొక్కు జుట్టు తీసేముందు మగపిల్లాడికి జడేసి ఫోటో తీయిస్తాం. ఎట్టాగూ ఫోటోకేగా బయల్దేరారు, అదేదో జడ ఫోటోనే తీయిద్దాం. కోటిరత్నం, పూలు పట్రా."

"మూడేళ్ళ పిల్లలకమ్మా అది. వీడికి మీసాలొస్తున్నాయి" అన్నాడు పానకాలు.

"మీసాల సంగతి దేవుడు చూసుకుంటాడు" అంది వెంకాయమ్మ.

సుభానీ స్టూడియో తలుపు తీసేసరికి గుమ్మంలో ఊరేగింపు ఉంది. ముందు పరికిణీ పట్టుకున్న ముసలమ్మ, తర్వాత మల్లెపూల బుట్టతో కోటిరత్నం, గొట్టం ప్యాంటుతో కుర్రాడు, నవ్వాపుకుంటున్న సామ్రాజ్యం, అందరికీ వెనక పానకాలు.

"రండి రండి. పెళ్ళికూతురేదండీ?" అన్నాడు సుభానీ.

అందరూ ఒకేసారి చెప్పారు. జడ వేయమని వెంకాయమ్మ అంది. జడ వేస్తే రాత్రి బస్సుకే గుంటూరు పోతానని కుర్రాడు అన్నాడు. జడా వద్దు, పూలచొక్కా వద్దు, జుట్టంతా నూనె పెట్టి వెనక్కి దువ్వి, మెడదాకా గుండీ పెట్టుకుని కూర్చోమని పానకాలు అన్నాడు. సుభానీ అందరి మాటా విన్నాడు.

"కుర్రాడు ఒక్కడే, ఫోటో పడే ప్లేటూ ఒక్కటే మిగిలింది పానకాలు గారూ. ముగ్గురూ మూడు ఫోటోలు చెబుతున్నారు. ఎవరి ఫోటో తియ్యమంటారు?"

అందరూ పానకాలు వైపు తిరిగారు. పొద్దున్నుంచి అతన్ని అడిగిన ప్రశ్నలన్నిటికీ తప్పు జవాబే చెప్పాడు. ఈసారి తొందరపడదల్చుకోలేదు.

"ముందు నన్నొకసారి చూడనీ" అని, కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడు.

లోపల గాజు మీద కొడుకు తలకిందులుగా వేలాడుతున్నాడు.

"ఇదేంది సుభానీ, వీడు తిరగబడ్డాడు?"

"అందులో అందరూ అంతేనండి. మీ నాన్నగారూ అంతే."

తలకిందులుగా చూస్తే జుట్టు పొడుగో పొట్టో పానకాలుకి తేల్చుకోవడం కుదరలేదు. మొహం ఒక్కటే తెలుస్తోంది. బయట నిలబడి చూసినప్పుడు కుర్రాడు మొండికేసినట్టే కనిపించాడు. ఇక్కడ చూస్తే పూలచొక్కా అంచు రెండు చేతులతో పట్టుకుని నలుపుతున్నాడు. పెదవి కొరుక్కుంటున్నాడు. మూడేళ్ళప్పుడు తనకి పరికిణీ కట్టి నిలబెడితే పానకాలూ ఏడ్చాడు. పదహారేళ్ళప్పుడు తండ్రి తన రెండు చేతులూ పట్టుకుని మోకాళ్ళ మీద పెట్టి, కదలొద్దన్నాడు, కదల్లేదు. ఇన్నేళ్ళలో తనకి నచ్చినట్టు నిలబడి ఒక్క ఫోటో కూడా దిగలేదని పానకాలుకి ఆ గుడ్డ కింద తెలిసింది. లోపల ఉక్కగా ఉంది. అయినా కాసేపు అక్కడే ఉన్నాడు.

బయటికొచ్చి, "ఇట్టాగే తియ్యి సుభానీ. వాడికెట్టా నిలబడాలనుంటే అట్టా నిలబడనీ" అన్నాడు.

"మరి జడో?" అంది వెంకాయమ్మ.

"మొక్కుకుంది నేను. పిల్లాడు ఎట్టా ఉంటే అట్టాగే చూపిస్తానని స్వామికి మొక్కాను."

కొడుకు తండ్రి వైపు చూశాడు. అది అబద్ధమని ఆ గదిలో తెలిసినవాళ్ళు ముగ్గురు.

"జుట్టన్నా కనపడాలిగా" అంది వెంకాయమ్మ. సరేనని సుభానీ కుర్రాడి వెనక అద్దం పెట్టాడు. సీతారామాంజనేయులు ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, ఒక కాలు ముందుకి వేసి, గడ్డం ఎత్తాడు. ఫోటో పడింది. తెల్లారి కొట్లో గోడకెక్కింది. చీరలకొచ్చిన ఆడవాళ్ళు దానికి దణ్ణం పెట్టి బేరం మొదలుపెట్టేవారు.

సంగతి అక్కడితో అయిపోతే బాగుండేది. స్టూడియో మెట్లు దిగుతూ వెంకాయమ్మ ఇంకో మాట అంది.

"మొక్కుకుంది నువ్వయితే నీ తల మీదా కత్తి పడకూడదురా. నీ మొక్కప్పుడు మీ నాన్న కూడా పెంచాడు. ఈ శివరాత్రి ఎట్టాగూ అయిపోయింది, వచ్చే శివరాత్రికి ఇద్దరూ కలిసి ఇవ్వండి."

పానకాలు జుట్టు వేసవి పోయేసరికి చెవులు దాటింది. వానల్లో కాలరు తాకింది. మొదట్లో తలకి తువాలు చుట్టుకుని కొట్టుకి పోయేవాడు. తర్వాత తువాలు మానేశాడు. దసరా సెలవలకి కొడుకు వచ్చేసరికి అద్దం ముందు నిలబడి పక్కపాపిడి తీసుకుంటున్నాడు.

"నాన్నా, ఏంటది?"

"ఈ పక్కకి దువ్వితే కళ్ళల్లో పడుతోందిరా. నువ్వెట్టా దువ్వుతావు?"

సీతారామాంజనేయులు చూపించాడు. మర్నాడు ఇద్దరూ కలిసి బజారు వెళ్ళారు. వెనక నుంచి చూసిన సుభానీ తండ్రిని కొడుకనుకుని పిలిచాడు. ఆ సాయంత్రమే కుర్రాడు పిచ్చయ్య షాపుకి ఒంటరిగా వెళ్ళి, ఉన్నదంతా కత్తిరించమన్నాడు. శివరాత్రి రాకుండా కుదరదని పిచ్చయ్య తిప్పి పంపాడు. ఇంటికొచ్చి తండ్రిని బతిమాలాడు.

"వాళ్ళూ వీళ్ళూ నవ్వుతున్నారు నాన్నా. నన్ను కాదు, మనిద్దర్నీ. నువ్వన్నా తీయించుకో, నన్నన్నా తీయించుకోనీ."

"స్వామితో ఆటలేందిరా?" అన్నాడు పానకాలు, జుట్టు చెవి వెనక్కి సర్దుకుంటూ.

శివరాత్రినాడు కొండ మీద తలనీలాలిచ్చే చోటికి సీతారామాంజనేయులు పరిగెత్తుకుంటూ వెళ్ళి, వరసలో ముందు నిలబడి, అందరికంటే ముందు గుండు చేయించుకున్నాడు. పానకాలు మాత్రం వెనక వచ్చినవాళ్ళకల్లా పిల్లలున్నారని, ముసలివాళ్ళున్నారని దారి ఇస్తూ, పొద్దు గూకేదాకా వరస చివరనే ఉన్నాడు.