నలభైసార్లు తవ్వాల్సిన చెలమ

ఒక పెద్ద అడవిలో, పులి పోయిన లోటు తీర్చడానికి విశ్వవిద్యాలయం పెట్టారు. చదువుతో పాటు సమాజసేవ కూడా చేస్తేనే పట్టా అని ఆచార్య నక్క నిబంధన తెచ్చింది.

ఆ సేవ వచ్చి వచ్చి కుందేలు సిద్ధమ్మ నెత్తిన పడింది.

సిద్ధమ్మ ఉండేది ఎండిన వాగు ఒడ్డున. ఈని మూడు రోజులైంది, బొరియలో అయిదు పిల్లలు. తాను నీళ్ళు తాగితేనే వాటికి పాలు. కొండముచ్చు విద్యార్థి వచ్చి ఇసుకలో చెలమ తవ్వితే, ఊరుతున్న నీళ్ళు చూసి ఆమె ప్రాణం లేచివచ్చింది.

మూతి పెట్టబోతుండగా ఇంకో విద్యార్థి, అడవిపిల్లి, వచ్చి చెలమను పూడ్చేసింది.

"అదేంటే తల్లీ, పడ్డ నీళ్ళు పూడ్చేస్తావు?"

"పూడ్చకపోతే నేనేం తవ్వను పిన్నీ? నివేదికలో 'సేవకు ముందు' అని ఒక బొమ్మ పెట్టాలి. అందులో నీళ్ళు కనబడితే మార్కులు పోతాయి."

"పక్కన తవ్వుకోరాదూ. వాగంతా ఇసుకేగా."

"గుర్తింపు ఉన్న సేవాస్థలం ఇదొక్కటే. కంగారుపడకు, మేం మొత్తం నలభై మందిమే."

పొద్దుగూకేసరికి తొమ్మిది మంది తవ్వారు, ఎనిమిది మంది పూడ్చారు. మిగిలింది బురద. పిల్లలు చన్ను లాగి లాగి విసిగి వదిలేశాయి.

తెల్లారి సిద్ధమ్మ నక్క దగ్గరికి నడిచింది.

"ఏం, మావాళ్ళ సేవ అందట్లేదా?"

"అందుతోందయ్యా, ఊపిరాడనివ్వట్లేదు. నీళ్ళే అందట్లేదు."

"సేవ వేరు, నీళ్ళు వేరు సిద్ధమ్మా. పాఠ్యప్రణాళికలో సేవ ఉంది. నీళ్ళు లేవు."

సిద్ధమ్మ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. "అయితే నన్నూ, మా చుట్టాలనూ చేర్చుకోండయ్యా. మా సేవ తమరి నీటిగుంట దగ్గరే. తమరికి చేసుకోకపోతే ఇంకెవరికి చేసుకుంటాం?"

నక్క ఉబ్బిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టింది.

మధ్యాహ్నం కునుకు తీసి, దాహమేసి, నక్క గుంట దగ్గరికొచ్చింది. గుంట లేదు. సిద్ధమ్మ, ఆమె చుట్టాలు ఇరవై మంది వెనక్కాళ్ళతో మట్టి చిమ్ముతున్నారు.

"ఇదేం పనే?"

"'ముందు' అయిపోయిందయ్యా. ఇక 'తర్వాత' మొదలెట్టాలి."

"తొందరగా తవ్వు మరి, నాలుక పిడచగట్టుకుపోతోంది."

"నేను తవ్వుతానయ్యా. మా వదిన పూడుస్తుంది. ఆమె తవ్వాక మా మరిది పూడుస్తాడు. అందరూ ఈ పూటే చేరారు, గుర్తింపు ఉన్న చోటు ఇదొక్కటే."

నక్క అప్పటికప్పుడు ఉత్తర్వు రాసింది: చదువుతున్న వాళ్ళందరూ ఉత్తీర్ణులు, ఇకపై ఎవరూ ఎవరికీ సేవ చేయరాదు.

పూడ్చేవాళ్ళు లేక, వాగులో ఆఖరిసారి తవ్విన చెలమ తేరుకుంది. నక్క రొప్పుతూ అక్కడికి చేరేసరికి సిద్ధమ్మ నీళ్ళు తాగుతోంది. తీరిగ్గా, కడుపునిండా తాగింది. తర్వాతే పక్కకి జరిగింది.

నీతి: సేవ చేసేవారికి దాహమేస్తే తప్ప, సేవ అందుకునేవారికి నీళ్ళు దొరకవు.